మనోబలానికి నలభై ఏడు చీరలు

పిల్లలకు గ్రౌండ్ అక్కర్లేదు. బూట్లు అక్కర్లేదు. గుడ్డూ పాలూ అసలే అక్కర్లేదు. మనసు గట్టిగా ఉంటే చాలు!

ఈ మాట నేను ఊరికే అనడం లేదు. మూడు గంటలపాటు షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, చివర్లో సర్టిఫికెట్ కూడా పుచ్చుకుని మరీ అంటున్నాను. 'ఛాంపియన్ మైండ్ - ఒకరోజు శిక్షణ' అని బంగారు రంగు అక్షరాలతో ఉంది. ఒకరోజు అని రాసి మూడు గంటల్లో ముగించారేమని అడగబోయాను. కానీ అలా అడగడం కూడా మనోబలం లేకపోవడమేనట. మానేశాను.

పాఠకులారా, మెంటల్ టఫ్‌నెస్ అనే ఈ దివ్యౌషధం ఇన్నాళ్ళూ మనకు తెలియక ఎంత నష్టపోయామో ఆలోచించండి. బస్సులు కావాలన్నాం. రోడ్లు కావాలన్నాం. దవాఖానాలో డాక్టరు ఉండాలన్నాం. ఎంత అమాయకులం!

ఏన్కూరు వెళ్ళడానికి మా ఊళ్ళో ఏడున్నర బస్సుకి నిలబడతాం. అది తొమ్మిదికి వస్తుంది. పూర్వం నలుగురం కలిసి విసుక్కునేవాళ్ళం. ఇప్పుడు శిక్షణ అయింది కదా, కళ్ళు మూసుకుని, బస్సు వచ్చేసింది, ఎక్కేశాం, కిటికీ పక్కన సీటు కూడా దొరికింది అని ఊహించుకుంటున్నాం. దీన్ని విజువలైజేషన్ అంటారు. మా పక్కింటి పద్మప్రియ మొన్న అంత గట్టిగా ఊహించుకుంటూ ఉండగా నిజం బస్సు వచ్చి వెళ్ళిపోయింది. ఆమె ఇంకా ఊహలోనే వైరా దాకా వెళ్ళి వచ్చింది.

కరెంటు పోయిందా? చెమట అనేది శరీరం ఇచ్చే ఫీడ్‌బ్యాక్. కుళాయి రాలేదా? దాహం ఒక ఆలోచన. మోకాళ్ళ నొప్పా? మోకాలు నీది కాదు, నువ్వు మోకాలివి కాదు. ఇంత సులువైన వైద్యం చేతిలో పెట్టుకుని మనం మందుల షాపుల చుట్టూ తిరిగాం!

ఇంతటి మేలు మా ఊరికి చేసినవారు వేరెవరో కాదు, మా ఆయన వెంకటరామారావు గారు. వాళ్ళ తాతగారు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్నారు. మూడు తరాలుగా మిరప వేస్తున్నారు. మా ఆయన ఊరి హైస్కూలు అభివృద్ధి కమిటీకి చైర్మన్ కూడా. మనోబలం అంటే ఆయనకు చిన్నప్పటి నుంచీ గౌరవం. ఉదయం కాఫీ మూడు నిమిషాలు ఆలస్యమైతే ఇల్లంతా రెండు సార్లు చుట్టి వస్తారు, అదొక్కటి తప్ప ఎంత పెద్ద కష్టమైనా తట్టుకుంటారు. ముఖ్యంగా ఇతరుల కష్టం.

ఇక స్కూలు గ్రౌండ్ సంగతి. ఉన్నమాట చెప్పాలి, మా హైస్కూలుకు చాలా మంచి గ్రౌండ్ ఉంది. బల్లపరుపుగా ఉంటుంది. చుట్టూ ప్రహరీ గోడ, గేటుకు తాళం, మేకలు రావు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీడ అన్నమాట లేకుండా ఎండ పడుతుంది. ఆటలకు ఎంత బాగుంటుందో నాకు తెలీదు కానీ, మిరపకాయలు ఎండబెట్టడానికి మాత్రం జిల్లాలో అంతకన్నా మంచి చోటు లేదు.

"పిల్లలు ఆడుకునేది సాయంత్రం ఒక్క గంట. కాయలు ఎండేది రోజంతా," అన్నారు మా ఆయన. లెక్కలో తప్పు పట్టడానికి లేదు. నేను డిగ్రీలో మ్యాథ్స్ చదివాను. అయినా పట్టలేకపోయాను.

అలా పోయిన డిసెంబరు ఆఖర్లో మొదటి కోత కాయలు గ్రౌండ్ మధ్యలో ఎడం ఎడంగా వేసిన ఆరు నీలం టార్పాలిన్ పట్టాల మీద పరిచారు. ఆ ఎరుపు, ఆ నీలం, పక్కన తెల్లటి స్కూలు గోడ. ఎవరైనా ఫొటో తీసి పోటీకి పంపితే బహుమతి వస్తుంది. ఆ బహుమతినైనా స్కూలు ఖాతాలో క్రీడల విభాగం కింద వేసుకోవచ్చు.

మరి పిల్లలో? పిల్లలు చుట్టూ ఉరికారు!

ఇక్కడ దుర్గ గురించి చెప్పాలి. వాగు అవతలి గూడెంలో ఉండే జంపయ్య, చిన్నక్కల కూతురు. తొమ్మిదో తరగతి. జంపయ్య అడవిలో తునికాకు, ఇప్పపువ్వు కాలం ఉన్నప్పుడు అవి, లేనప్పుడు కూలి. చిన్నక్క మా చేలోనే మిరపకాయలు కోస్తుంది, గ్రౌండ్‌లో వాటిని తిరగేస్తుంది. దుర్గ గూడెం నుంచి స్కూలుకు నాలుగు కిలోమీటర్లు నడిచి రావాలి. నడవడం తనకు రాదు కాబట్టి ఉరికి వస్తుంది. ఎనిమిది వందల మీటర్ల పరుగులో ఆ పిల్లను చుట్టుపక్కల ఎవరూ అందుకోలేరు.

ఖమ్మంలో స్పోర్ట్స్ హాస్టల్‌కు ఫిబ్రవరి నెలాఖరున సెలక్షన్స్. ఒక్కో స్కూలు నుంచి ఒక్కో పందేనికి ఒక్క పేరే పంపాలి. ఆ హాస్టల్లో సీటు వస్తే తిండి, చదువు, పరుగు మూడూ ఒకేచోట. రాకపోతే వచ్చే ఏడాది పదో తరగతి అవుతుంది. ఆ తర్వాత మా చేలో, తల్లి పక్క సాలులో. మా ఆయన ఏమీ అనుకోరు, కోతకు మనుషులు దొరకడం కష్టంగానే ఉంది.

పీఈటీ రూప్‌సింగ్ మూడు స్కూళ్ళకు ఒక్కడే. మంగళ, శుక్రవారాలు మా ఊరికి వస్తాడు. డిసెంబరులో టేపు పట్టి కొలిచి, సరిగ్గా రెండు వందల మీటర్లకు సున్నంతో గీత గీశాడు. నాలుగు చుట్లు కొడితే ఎనిమిది వందలు. ఆ గీత మా ఆరు పట్టాల అంచుల పక్కనుంచే వెళ్ళింది. ఎంత కలిసొచ్చిందో చూడండి! "పట్టాల అంచు పట్టుకొని ఉరకాలె, కాయలు తొక్కొద్దు," అన్నాడు. అంత తేలికైన నియమం. ఎవరు మరిచిపోతారు?

జనవరి మొదట్లో దుర్గ టైము రెండు నిమిషాల ముప్పై ఎనిమిది సెకన్లు. రూప్‌సింగ్ మురిసిపోయి మా ఆయనకు ఫోన్ చేశాడు. రెండు వారాలకు రెండు నలభై తొమ్మిది. సరే, జలుబేమో అనుకున్నారు. ఫిబ్రవరి మొదట్లో మూడు నిమిషాలు దాటింది. తర్వాతి వారం మూడు నిమిషాల పదహారు సెకన్లు.

రోజూ ఉరికే పిల్ల రోజురోజుకూ వెనకబడుతోంది! తిండి అదే, కాళ్ళు అవే, గ్రౌండ్ అదే. మరి తేడా ఎక్కడుంది? మీరే చెప్పండి, మనసులో కాక ఇంకెక్కడుంటుంది?

మా ఆయన వెంటనే పట్టేశారు. మెంటల్ టఫ్‌నెస్ లేదు అన్నారు. హెడ్మాస్టరు తల ఊపారు. రూప్‌సింగ్ కూడా ఊపాడు, మూడు స్కూళ్ళకు కలిపి అతనికున్నది ఒకటే తల కాబట్టి కొంచెం మెల్లిగా ఊపాడు. ఖమ్మం నుంచి మైండ్ కోచ్ జయప్రకాశ్ గారిని పిలిపించారు. తెల్ల చొక్కా, చెవి దగ్గర నుంచి నోటిదాకా వచ్చే మైకు, ల్యాప్‌టాప్. గురువారం పదకొండు గంటలకు గ్రౌండ్ ఒక మూలన షామియానా వేశారు. నడిమధ్య ఖాళీ లేదు మరి.

జయప్రకాశ్ గారు మంచి మనిషి, ఆ మాట ఒప్పుకోవాలి. పిల్లల్ని కసురుకోలేదు. సింహం బొమ్మ చూపించారు, డేగ బొమ్మ చూపించారు, మంచు కొండ ఎక్కుతున్న మనిషి బొమ్మ చూపించారు. షామియానా నీడలో తెర మీద తెల్లగా మంచు, పక్కన ఎర్రగా మిరపకాయలు. పరిమితులన్నీ మనసులోనే ఉంటాయని చెప్పారు. గ్రౌండ్‌లో పరిమితులు నీలం రంగులో ఉన్నాయని ఎవరూ ఆయనతో అనలేదు.

తర్వాత శ్వాస. "కళ్ళు మూసుకోండి. ఊపిరి పొట్టదాకా, గట్టిగా, ఇంకా గట్టిగా పీల్చండి," అన్నారు.

సరిగ్గా అప్పుడే కూలీలు కాయలు తిరగేస్తున్నారు. గాలి మా వైపే వీస్తోంది.

నూట ఇరవై మంది పిల్లలు, ఎనిమిది మంది టీచర్లు, ఒక చైర్మను, ఒక చైర్మన్ భార్య, అందరం ఒక్కసారిగా పొట్టదాకా పీల్చాం. ఆ తర్వాత పావుగంటసేపు ఏం జరిగిందో చెప్పడానికి నాకు మాటలు లేవు, అప్పుడు కూడా లేవు. తుమ్ములు, దగ్గులు, కొంగులు, చేతిరుమాళ్ళు. హెడ్మాస్టరు గారు కుర్చీతో సహా వెనక్కి జరిగిపోయారు. అందరి కళ్ళ వెంటా ధారలుగా నీళ్ళు.

జయప్రకాశ్ గారు తన కళ్ళు తుడుచుకుంటూనే మైకులో మెచ్చుకున్నారు. లోపల ఏళ్ళ తరబడి పేరుకుపోయిన భావోద్వేగం ఇలా బయటికొస్తుందట. ఇంత త్వరగా ఇంతమంది ఓపెన్ కావడం తన అనుభవంలోనే చూడలేదట. మా ఆయన దగ్గు మధ్యలోనే చప్పట్లు కొట్టారు.

ఒక్క దుర్గ మాత్రం నిటారుగా కూర్చుని ఉంది. కళ్ళు పొడిగా ఉన్నాయి. రెండు నెలల నుంచి ఆ ఘాటులోనే ఉరుకుతున్న పిల్ల, ఆ పిల్లకు అది మామూలు గాలి. "ఈ పాప ఇంకా ఓపెన్ కాలేదు," అని కోచ్ గారు ఆమెను ముందుకు పిలిచారు.

కష్టాన్ని తట్టుకుని నిలబడటాన్ని మీ ఇంట్లో ఏమంటారమ్మా అని అడిగారు. దుర్గ ఇంట్లో కోయభాష, స్కూల్లో మన భాష. రెండింట్లోనూ వెతికి చూసింది.

"మా ఇంట్ల దానికి పేరేం పెట్టలేదు సార్. గట్లనే ఉంటం."

పిల్లలు నవ్వారు. కోచ్ గారు ఏదో రాసుకున్నారు.

"సరే, పరుగెత్తేటప్పుడు నీ మనసులో ఏముంటుంది?"

"మిరపకాయలు సార్."

ఈసారి టీచర్లు కూడా నవ్వారు. మా ఆయన నవ్వలేదు, నా వైపు చూసి తల అడ్డంగా ఊపారు. గమ్యం కనపడాలి కానీ మిరపకాయలు కనపడితే ఎలా అని కోచ్ గారు నచ్చజెప్పారు. దుర్గ విన్నది. విని, అడిగినదానికి పూర్తిగా జవాబు చెప్పలేదేమో అన్నట్టు, మెల్లిగా ఇంకొక మాట కలిపింది.

"దినాం ఇంకిన్ని ఎక్కువుంటయి సార్."

ఆ మాట ఎవరికీ పట్టలేదు. ఎవరికో ఎందుకు, నాకూ పట్టలేదు. నేను అప్పటికి ఇంకా ముక్కు తుడుచుకుంటున్నాను.

సాయంత్రానికి నిర్ణయం జరిగిపోయింది. ఏకాగ్రత లేదు, స్పందన లేదు, మానసిక దృఢత్వం లేదు కనుక ఈ ఏడు దుర్గ పేరు పంపరు. బలహీనుల్ని పంపితే స్కూలు పరువేం కావాలి? వేరే పేరు కూడా లేదు కాబట్టి ఆ గడి ఖాళీ. శనివారం సాయంత్రం మా ఆయన సంతకం పెడితే లిస్టు వెళ్ళిపోతుంది.

మర్నాడు శుక్రవారం పొద్దున కూలీలకు మజ్జిగ తీసుకుని గ్రౌండ్‌కు వెళ్ళాను. చిన్నక్క కాయలు తిరగేస్తూ ఉంది. నన్ను చూసి చెయ్యి తుడుచుకుని దగ్గరకు వచ్చింది.

"నిర్మలమ్మా, మా పిల్లకు మనసు బాగలేదంటున్నరు. గది ఏ దవాఖానాల చూస్తరు?"

మజ్జిగ గ్లాసు చేతికిచ్చాను. ఇంట్లో ఎలా ఉంటుందని అడిగాను. బాగానే తింటుందట, చెల్లెళ్ళతో బాగానే నవ్వుతుందట. "ఒక్క కాళ్ళే గుంజుతున్నయంటది. మొదట్ల లేకుండె. ఇప్పుడు ఉరుకుడు ఎక్కువైంది అంటది."

"ఎక్కువ ఎట్లా అవుతుంది చిన్నక్కా? నాలుగు చుట్లేగా, అప్పుడూ ఇప్పుడూ?"

"నాలుగే. కాని మీ సారు మూడో కోత గూడ ఈడనే పోయమన్నడు గద."

మజ్జిగ చెంబు కింద పెట్టాను. పట్టాలు లెక్కపెట్టాను. పద్నాలుగు.

రేటు పెరిగాక అమ్ముదామని మొదటి కోత కాయలు కదల్లేదు. వాటి పక్కన రెండో కోత చేరింది. దాని పక్కన మూడోది. రూప్‌సింగ్ గీసిన సున్నం గీత వాటన్నిటి కింద ఎక్కడో హాయిగా పడుకుని ఉంది. పిల్ల మాత్రం చెప్పినట్టే చేస్తోంది. పట్టాల అంచు పట్టుకుని, ఒక్క కాయ తొక్కకుండా, నాలుగు చుట్లు.

కొలవడానికి టేపు లేదు, రూప్‌సింగ్ దగ్గరుంది. సాయంత్రం దాకా అతను రాడు. అందుకని ఇంటికి వెళ్ళి నా పాత వెంకటగిరి చీర తెచ్చాను. ఐదున్నర మీటర్లు, పెళ్ళైన కొత్తల్లో నేనే కొలిచి కొన్నాను. ఒక కొస చిన్నక్క పట్టుకుంది, పమిట కొస నేను పట్టుకున్నాను. కాయల చుట్టూ కొలుచుకుంటూ బయల్దేరాం.

కూలీలు పని ఆపేసి చూశారు. "అమ్మగారు భూదేవికి చీర పెడుతుండ్రు," అంది ఒకామె. "రెవికె గుడ్డ మరిచిపోయిండ్రు," అంది ఇంకొకామె. మేం పట్టించుకోలేదు. మనోబలం!

రెండు వందల మీటర్లు కావాలంటే ముప్పై ఆరు చీరల పైన కొంచెం. మాకు వచ్చినవి నలభై ఏడు.

అంటే ఒక చుట్టు రెండు వందల యాభై ఎనిమిది మీటర్లు. నాలుగు చుట్లకు వెయ్యి ముప్పై పైన. మ్యాథ్స్ డిగ్రీ చాకలి పద్దులకు తప్ప ఇరవై రెండేళ్ళుగా దేనికీ పనికిరాలేదనుకున్నాను, ఆ రోజు మా వంటింటి ముందు సిమెంటు అరుగు మీద బొగ్గు ముక్కతో లెక్క వేశాను. మూడు నిమిషాల పదహారు సెకన్లలో దుర్గ వెయ్యి ముప్పై మీటర్లు ఉరికింది. అదే వేగంతో ఎనిమిది వందలు ఉరికితే రెండు నిమిషాల ముప్పై రెండు. జనవరి కంటే ఆరు సెకన్లు ముందు!

పిల్ల వెనకబడలేదు. మా మిరపకాయలు ముందుకు వచ్చాయి.

మధ్యాహ్నం భోజనంలో మా ఆయనకు ఈ సంగతి చెప్పాను. పెరుగు దాకా ఓపిగ్గా విన్నారు. చీరతో కొలిస్తే ఎవరైనా నమ్ముతారా అన్నారు. మిషన్ మీద తూచిన కాయలను తప్ప దేన్నీ నమ్మరు ఆయన. రూప్‌సింగ్‌తో సాయంత్రం కొలిపిద్దామన్నాను. గ్రౌండ్ కొలిస్తే, మరి గ్రౌండ్‌లో ఇవన్నీ ఎందుకున్నాయని కూడా ఎవరైనా అడుగుతారు. ఆ మాట ఆయన పైకి అనలేదు. పైకి అన్నది ఇది.

"చుట్టుకు అరవై మీటర్ల తేడాకే పడిపోయే పిల్ల రేపు జీవితంలో ఏం తట్టుకుంటుంది నిర్మలా?"

అంత గొప్ప మాట విన్నాక ఎదురు చెప్పేదేముంటుంది? ఆచరణలో పెట్టడం తప్ప!

శనివారం తెల్లవారుజామునే ఆయన ఖమ్మం మార్కెట్‌కు బయల్దేరారు. నాలుగింటికి తిరిగి వచ్చి లిస్టు మీద సంతకం పెట్టాలి. ఆయన జీపు ఊరు దాటగానే చిన్నక్కనూ కూలీలనూ పిలిచాను. వాన మబ్బు కనిపిస్తోంది, కాయలు ఇంటికి చేర్చాలి అన్నాను. మబ్బు కోసం అందరూ ఆకాశం వైపు చూశారు. ఎవరికీ కనపడలేదు. విజువలైజేషన్ అన్నాను.

మధ్యాహ్నం మూడింటికల్లా పద్నాలుగు పట్టాల కాయలూ మా ఇంట్లో ఉన్నాయి. మేడ మీద నాలుగు పట్టాలు. వాకిట్లో ఐదు. జీపు నిలిపే చోట రెండు. పెరట్లో రెండు. ఆఖరి పట్టా ముందు మెట్ల మీద నుంచి వరండా దాకా. గేటు నుంచి ఇంట్లోకి రావాలంటే ఒకటే దారి ఉంచాం. ప్రహరీ గోడ పక్కగా, గొడ్ల కొట్టం వెనక నుంచి, నీళ్ళ తొట్టి చుట్టి, వంటింటి తలుపు దాకా.

నాలుగుంబావుకు జీపు ఆగింది. పాపం, ఖమ్మం నుంచి ఎండన పడి వచ్చారు, కాఫీ కావాలి, ఇంకా ఏవేవో అవసరాలు ఉంటాయి. గేటు తీశారు. నిలబడిపోయారు. ఇంటి నిండా ఎరుపు.

"కాయలు తొక్కకండి. పక్కనుంచే రండి," అన్నాను వంటింటి కిటికీలోంచి.

వచ్చారు. గోడ పట్టుకుని, పంచె ఎత్తుకుని, దగ్గుకుంటూ. కొట్టం దగ్గర ఒకసారి ఆగారు. తొట్టి దగ్గర తుమ్మారు. వంటింటి తలుపు దగ్గరకు చేరేసరికి కళ్ళ వెంట నీళ్ళు. చేతిలో ఫోనుతో నిలబడి ఉన్నాను.

"ఒక నిమిషం నలభై సెకన్లండీ. నిన్న గేటు నుంచి గుమ్మానికి పన్నెండు సెకన్లలో వచ్చారు. ఏమైంది, మనసు బాగాలేదా?"

ఆయన పంచె కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. నేను మంచినీళ్ళిచ్చాను. తాగారు. ఇంకో గ్లాసు అడిగారు. అరుగు మీద బొగ్గుతో వేసిన లెక్క అక్కడే ఉంది. పైనుంచి కిందిదాకా చదివారు. తప్పు ఎక్కడైనా ఉందేమోనని రెండోసారి చదివారు. మిరప రైతు కదా, లెక్కలు వస్తాయి.

తర్వాత ఫోను తీసి రూప్‌సింగ్‌కు చేశారు. "టేపు పట్టుకుని జల్దీ రావయ్యా," అన్నారు. అంతే.

ఐదున్నరకు ఖాళీ గ్రౌండ్‌లో రూప్‌సింగ్ కొత్తగా సున్నం గీశాడు. దుర్గ నాలుగు చుట్లు ఉరికింది. రెండు నిమిషాల ముప్పై ఒకటి. రూప్‌సింగ్ గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని చూశాడు. చిన్నక్క నన్నడిగింది, "మనసు మంచిగైందా అమ్మా?" అయిందన్నాను. మా ఆయన అక్కడే రూప్‌సింగ్ స్కూటర్ సీటు మీద కాగితం పెట్టి, ఖాళీ గడిలో పేరు రాయించి సంతకం పెట్టారు.

ఖమ్మం సెలక్షన్స్‌కు నేను వెళ్ళలేదు, కాయల కాపలా ఉంది. రూప్‌సింగ్ వచ్చి చెప్పాడు. పెద్ద ట్రాక్ అంట, రెండు చుట్లే. దుర్గ అందరికన్నా ముందు గీత దాటి, ఆగకుండా ఇంకో అరవై మీటర్ల దాకా ఉరుకుతూనే ఉందట. అక్కడి పెద్దమనిషి వెనకాల పరిగెత్తి ఆపాల్సి వచ్చిందట. ఆగి, రూప్‌సింగ్ వైపు తిరిగి అడిగిందట.

"గింతేనా సార్?"

సీటు వచ్చింది. జూన్‌లో చేరాలి. చిన్నక్క ఇప్పటి నుంచే పెట్టెకు తాళం వెతుకుతోంది. పెట్టె ఇంకా కొనలేదు.

ఇంత గొప్ప విజయం ఎవరి వల్ల వచ్చిందో మీకు అర్థమయ్యే ఉంటుంది. మా ఊరి సెంటర్లో ఫ్లెక్సీ పెట్టారు. 'మానసిక దృఢత్వమే మహా విజయం!' అందులో జయప్రకాశ్ గారి ఫొటో ఒక తలుపంత ఉంది. మా ఆయన ఫొటో కిటికీ అంత. కింద కుడి మూలన, జాగ్రత్తగా చూస్తే, దుర్గ. కోచ్ గారు మూడు గంటల్లో ఒక అడవి బిడ్డ మనసును ఎలా మార్చారో వీడియో కూడా చేశారు. నేనూ లైక్ కొట్టాను. పద్మప్రియ ఆ వీడియో చూస్తూ మళ్ళీ బస్సు పోగొట్టుకుంది.

మొన్న కమిటీ మీటింగులో ఇంకో ముగ్గురు రైతులు ముందుకు వచ్చారు. పిల్లల అభివృద్ధి కోసం వచ్చే ఏడు తమ కాయలు కూడా గ్రౌండ్‌లోనే పోస్తారట. అడ్డంకులు ఉంటేనే కదా ఛాంపియన్లు తయారయ్యేది అన్నారట. ఊళ్ళో ఇంత సేవాభావం ఉందని నాకు తెలీదు. మా ఆయన ఆ మాట ఇంటికొచ్చి చెప్పి, కాఫీ తాగుతూ నా ముఖం వైపు చూశారు.

నేను వరండా వైపు చూశాను. ఆయన కూడా వరండా వైపు చూశారు. గ్రౌండ్‌కు కొత్త తాళం కొనిపించారని, తాళంచెవి రూప్‌సింగ్ దగ్గర ఉందని తర్వాత తెలిసింది.

కాబట్టి పాఠకులారా, మీ ఊళ్ళో ఏ పిల్ల అయినా వెనకబడిందని ఎవరైనా అంటే తప్పకుండా మైండ్ కోచ్‌ను పిలిపించండి. ఆయన వచ్చేలోపు ఖాళీగా ఉంటారు కదా, ఒకసారి గ్రౌండ్ కొలవండి. టేపు దొరక్కపోతే నా చీర పంపిస్తాను. ఐదున్నర మీటర్లు, కచ్చితం. పమిట అంచున కొంచెం కారం రంగు పట్టింది, మూడుసార్లు ఉతికాను. పోలేదు.